నాటకాన్ని సినిమా హాల్లో వేస్తున్నారట, నాన్నని తీసుకెళ్లొచ్చా?

తెనాలి_టు_యార్క్‌షైర్:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేముండేది లీడ్స్‌కి నలభై నిమిషాల దూరంలో ఓ చిన్న ఊరు. రెండు స్క్రీన్ల పాత సినిమా హాలు ఒకటుంది. అందులో ఇంతవరకూ పిల్లల బొమ్మల సినిమాలు తప్ప ఏమీ చూడలేదు, తెలుగు సినిమా అయితే ఎలాగూ లీడ్స్ పోతాం. మొన్న ఆ హాలు బయట పోస్టరు కనపడింది, బెర్నార్డ్ షా 'మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్', అక్టోబరు 23 నుంచి అని. షా నాటకాన్ని ఎవరో సినిమా తీశారేమో అనుకుని లోపలికెళ్లి అడిగా. సినిమా కాదట. లండన్‌లో గారిక్ థియేటర్లో ఆడిన నాటకాన్నే కెమెరాలు పెట్టి తీశారట, దాన్నే వేస్తారట, 'నేషనల్ థియేటర్ లైవ్' అంటారని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఇన్నేళ్లుగా ఇక్కడుండి ఇలాంటిదొకటి ఉందని నాకు తెలీదు, సిగ్గుగానే ఉంది.

అడగడానికి కారణం మా నాన్న. అమ్మా నాన్నా ఆగస్టులో వచ్చారు, ఆరు నెలలుంటారు. నాన్న కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, కానీ మా ఊళ్లో ఆయన్ని ఆ ఉద్యోగంతో గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ, పాండవోద్యోగ విజయాల్లో అర్జునుడు వేసేవారు కాబట్టి ఇప్పటికీ 'అర్జునుడు గారు' అనే పిలుస్తారు. ఇక్కడ ఆయనకి ఏమీ తోచడం లేదు. పొద్దున్నే పార్కు చుట్టూ ఒక రౌండు, తర్వాత టాబ్లెట్‌లో పాత పద్యాలు పెట్టుకుని కూర్చోవడం. ఇక చలి, చీకటి మొదలైతే ఆ పార్కు కూడా ఉండదు. లండన్ తీసుకెళ్లి నిజం నాటకమే చూపిద్దామంటే రైలు టికెట్లు, నాటకం టికెట్లు, ఒక రాత్రి హోటలు కలిపి లెక్క వేస్తే గుండె ఆగినంత పనైంది, పైగా ఆయన మోకాళ్లకి ఆ మెట్లూ ఆ ట్యూబు స్టేషన్లూ కుదరవు. ఇక్కడ హాల్లో మనిషికి పద్దెనిమిది పౌండ్లు, ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు.

నా అనుమానాలు. ఒకటి, ఇది వెనక ఒక కెమెరా పెట్టి స్కూల్ వార్షికోత్సవం తీసినట్టు ఉంటుందా? రెండు, నాన్నకి ఇంగ్లీషు పేపరు చదివితే అర్థమైనంత బాగా వింటే అర్థం కాదు, ఇక్కడివాళ్ల యాస అసలు పట్టుకోలేరు. రెండు గంటలు కూర్చోబెట్టి హింసపెట్టినట్టవుతుందా? మూడు, ఈ నాటకం కథేమిటో చూస్తే వేశ్యావృత్తి గురించి అని ఉంది, నాన్న పక్కన కూర్చుని చూడగలనా? చూసినవాళ్లు చెప్పండి.

రాత్రి_డ్యూటీ:

మాంచెస్టర్ నుంచి. నేను నర్సుని, షిఫ్టుల గోలలో లండన్ వెళ్లి నాటకాలు చూసే యోగం లేదు కాబట్టి దాదాపు పద్నాలుగేళ్లుగా ఇవే నా నాటకాలు.

ముందు మీ స్కూల్ వార్షికోత్సవం భయం తీసేస్తా. వెనక ఒక కెమెరా కాదు, హాలంతా కెమెరాలే. వాటికోసం కొన్ని సీట్లు కూడా తీసేస్తారు. ఏ డైలాగుకి ఏ కెమెరా, ఎప్పుడు దగ్గరికి వెళ్లాలి, ఎప్పుడు స్టేజి మొత్తం చూపించాలి అని ముందే రిహార్సల్ చేసుకుంటారు. అదేమీ సినిమాలా ముక్కలు ముక్కలుగా తీసి అతికించింది కాదు, నిజంగా జనం టికెట్లు కొని కూర్చున్న ఆటనే తీస్తారు. వాళ్ల దగ్గులు కూడా వినపడతాయి. మొదలయ్యే ముందు వాళ్లు సీట్లలో సర్దుకుని కూర్చోవడం తెర మీద కనపడుతుంది, మనం వాళ్ల వెనక వరసలో కూర్చున్నట్టుంటుంది. నాకు ఆ రెండు నిమిషాలు చాలా ఇష్టం.

ఇది 2009 జూన్‌లో మొదలైంది, హెలెన్ మిరెన్ చేసిన 'ఫేద్ర'తో. అప్పుడు నేను ఇక్కడ లేను. నేను మొదట చూసింది 2011లో 'ఫ్రాంకెన్‌స్టైన్', డానీ బాయిల్ డైరెక్షన్, మన స్లమ్‌డాగ్ మిలియనీర్ ఆయనే. అందులో ఇద్దరు నటులు, బెనెడిక్ట్ కంబర్‌బాచ్, జానీ లీ మిల్లర్. ఒక రోజు ఒకాయన డాక్టరు, ఇంకొకాయన ఆ డాక్టరు తయారుచేసిన మనిషి, మరుసటి ఆటకి వేషాలు మార్చుకుంటారు. సినిమా హాళ్లకి రెండూ ఇచ్చారు, నేను రెండూ చూశా. మొదట్లో చాలాసేపు మాటలే ఉండవు. ఆ మనిషి నేల మీద కొట్టుకుంటూ, లేవడం నేర్చుకుంటూ, పడుతూ ఉంటాడు. పక్కన మా అత్తగారు కూర్చున్నారు, ఆవిడకి ఇంగ్లీషు ఓ పది మాటలు కూడా రాదు, 'పాపం పసిబిడ్డలా ఉన్నాడే' అని కళ్లు తుడుచుకున్నారు. దీన్ని మళ్లీ మళ్లీ హాళ్లకి తెస్తుంటారు, వస్తే మాత్రం నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి.

ఇంకో మాట, పేరులో 'లైవ్' అని ఉన్నా అన్నీ లైవ్ కాదు. కొన్ని అదే సాయంత్రం లండన్ నుంచి నేరుగా వచ్చేవి, చాలావరకు ముందే తీసి తర్వాత వేసేవి. ఒకసారి మా దగ్గరి హాల్లో నిజం లైవ్ అప్పుడు సరిగ్గా చివరి అంకంలో సిగ్నల్ పోయి నీలం తెర వచ్చేసింది, పావుగంట చూసి మేనేజర్ వచ్చి సారీ చెప్పి ఫ్రీ పాసులిచ్చాడు, ఇప్పటికీ ఆ నాటకంలో ఎవరు చచ్చారో నాకు తెలీదు. ముందే తీసింది అయితే ఆ టెన్షన్ లేదు. ఇలా తర్వాత వేసే ఆటల్ని, మళ్లీ మళ్లీ వేసేవాటిని ఇక్కడ 'ఎన్‌కోర్' అంటారు, వెబ్‌సైటులో ఆ మాట కనపడితే కంగారు పడకండి.

యాస సంగతి. కొన్ని హాళ్లు ఒకటో రెండో షోలు కింద అక్షరాలు పడేలా వేస్తాయి, వినికిడి తక్కువ ఉన్నవాళ్ల కోసం. ఫోన్ చేసి అడగండి. చదవగలరంటున్నారు కాబట్టి అది దొరికితే సగం సమస్య తీరినట్టే.

పరిషత్తు_పిచ్చోడు:

గుంటూరు నుంచి. అర్జునుడు గారికి నా నమస్కారాలు చెప్పండి ముందు.

'ఎన్‌కోర్' అంటే ఫ్రెంచిలో 'మళ్లీ' అనట కదా, అంటే మన వన్స్ మోరే. కానీ తేడా చూడండి. మన దగ్గర వన్స్ మోర్ అని అరిస్తే అక్కడికక్కడే, చచ్చిపడిన పాత్ర అయినా సరే లేచి పద్యం ఇంకోసారి అందుకునేవాడు. వీళ్ల దగ్గర వన్స్ మోర్ అంటే వచ్చే మంగళవారం ఇంకో టికెట్టు కొనుక్కోవడం. నవ్వుకోవడానికి చెప్పడం లేదు, నా అభ్యంతరమే అది. నాటకం అంటే నటుడు నా చప్పట్లు విని ఆ ఊపులో ఇంకో రాగం తీయాలి, చప్పట్లు పడకపోతే చెమట పట్టాలి. తెర మీద బొమ్మకి నేనున్నానో లేదో కూడా తెలీదు. అప్పుడది సినిమాయే, సెట్టింగులకి తక్కువ ఖర్చు పెట్టిన సినిమా.

రెండోది, కెమెరా. మీ నాన్నగారికి తెలిసిన సీనే చెప్తా. పడక సీను. కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు, దుర్యోధనుడు వచ్చి తల దగ్గర కుర్చీలో మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు, అర్జునుడు కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురూ ఒకేసారి నటించాలి. కృష్ణుడి పెదవి మీద ఆ నవ్వు, దుర్యోధనుడి అసహనం, అర్జునుడి ఓర్పు, నేను నా కన్నుని ఎటు తిప్పుకుంటే అటు చూస్తా. పదిసార్లు చూస్తే పదిసార్లూ వేరే మనిషిని చూడొచ్చు. అదే కెమెరావాడు కృష్ణుడి మొహం మీదకి వెళ్లాడనుకోండి, మిగతా ఇద్దరూ ఎవరికోసం నటిస్తున్నట్టు? లండన్‌లో కూర్చున్న డైరెక్టరు నా మెడ పట్టుకుని 'ఇటు చూడు' అని తిప్పడమే అది.

మూడోది, స్టేజి మీద గొంతు చివరి వరస కోసం ఎత్తుతారు, మొహంలో కదలిక కూడా అంతే. దాన్ని ముప్పై అడుగుల తెర మీద క్లోజప్‌లో చూపిస్తే అతిగా ఉండదా? నేను హాల్లో చూడలేదు, యూట్యూబ్‌లో ముక్కలు చూసి చెప్తున్నా, తప్పైతే దిద్దండి.

అయినా తీసుకెళ్లండి. నా బాధ నాది, ఆయనకి కాలక్షేపం అవుతుంది.

రాత్రి_డ్యూటీ:

@పరిషత్తు_పిచ్చోడు మీరు చెప్పిన కెమెరా మాట నిజమే, నాకూ అప్పుడప్పుడు ఒళ్లు మండుతుంది. మాట్లాడేవాడిని చూపిస్తారు, నాకేమో వింటున్నవాడి మొహం కావాలి. అతిగా ఉంటుందన్నది మాత్రం నా అనుభవంలో కాదు. వీళ్లు మైకులు పెట్టుకుంటున్నారు, కెమెరా ఉందని కూడా వాళ్లకి తెలుసు, ఆ రోజు కాస్త తగ్గించే చేస్తారనుకుంటా. ఇంకో సంగతి, లండన్‌లో నేను నా జీతంతో కొనగలిగే సీటు ఎక్కడో పైన స్తంభం వెనక ఉంటుంది. ఒక్కసారి వెళ్లా, రెండున్నర గంటలు ఒక నటుడి బట్టతల చూసి వచ్చా. మెడ తిప్పే స్వాతంత్ర్యం ఉంది, చూడ్డానికే ఏమీ లేదు :)

ఎడిసన్_బాబాయ్:

న్యూజెర్సీ నుంచి నా రెండు మాటలు, మాటల నాటకం కాదు, ఒపెరా గురించి, అంటే పాటలతో నడిచే నాటకం. భాష సమస్య ఉన్న పెద్దవాళ్లకి నాటకం కంటే ఇదే నయం అని నా అభిప్రాయం.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్లు 2006 డిసెంబరు ఆఖర్లో మొదలుపెట్టారు, మోజార్ట్ 'మేజిక్ ఫ్లూట్'తో, అంటే మీ లండన్ వాళ్లకంటే ముందే. శనివారం మధ్యాహ్నం ఇక్కడ ఒంటిగంట ప్రాంతంలో మొదలవుతుంది, మీకు అప్పుడు సాయంత్రం ఆరు, అదే సమయానికి మీ దగ్గర హాళ్లలో కూడా వస్తుంది. ఇటాలియన్‌లోనో జర్మన్‌లోనో పాడతారు కాబట్టి కింద ఇంగ్లీషు అక్షరాలు ఎలాగూ పడతాయి. మీ నాన్నగారు, పక్కన కూర్చున్న తెల్ల ముసలాయన, ఇద్దరూ అక్షరాలు చదువుకుంటూ చూడాల్సిందే, ఎవరూ తక్కువ కాదు.

పద్యనాటకం వాళ్లకి ఇది పట్టుబడుతుందని ఎందుకంటున్నానంటే, అసలు హాల్లో వీళ్లు మైకు లేకుండా పాడతారు. మెట్ హాల్లో 3,800 సీట్లు. వెనకాల అంత పెద్ద వాద్యబృందం మోగుతుంటే దాని మీంచి గొంతు చివరి సీటుకి వెళ్లాలి. మా నాన్న పోయినేడు వచ్చినప్పుడు తీసుకెళ్తే ఆయన మొదటి గంట కథ చూడలేదు, ఆ గాయని ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో చూస్తూ కూర్చున్నారు. విరామంలో ఇంకోటి బాగుంటుంది, తెర వెనక చూపిస్తారు, అప్పుడే పాడి చెమటలు కక్కుతూ వచ్చిన గాయకుడిని ఇంకో గాయకుడో గాయనో పట్టుకుని రెండు ప్రశ్నలు అడుగుతారు, వెనకాల వడ్రంగులు సెట్టింగు మారుస్తుంటారు. నాన్నకి అదే ఎక్కువ నచ్చింది. గ్రీన్ రూమ్ కూడా టికెట్లో కలిపేశారన్నమాట అన్నారు.

పరిషత్తు గారూ, మీ వన్స్ మోర్ సంగతికి ఒక కబురు. మెట్‌లో వన్స్ మోర్ ఇవ్వడం దాదాపు నిషిద్ధంలాగే ఉండేది. 2008 ఏప్రిల్‌లో హువాన్ డియేగో ఫ్లోరెజ్ అనే పెరూ గాయకుడు ఒక పాటలో పైస్థాయి స్వరం తొమ్మిదిసార్లు అందుకుని పాడితే జనం ఊరుకోలేదు, మళ్లీ మొత్తం పాడాడు. పేపర్లలో వార్త అయింది. మన దగ్గర ఏ ఊరి జాతరలోనైనా అయ్యేదానికి అక్కడ వార్త!

ఒక హెచ్చరిక. మూడు గంటలకి తక్కువ ఉండవు, కొన్ని నాలుగు దాటతాయి. స్వెట్టరు, మరచెంబులో టీ, ముందు బాత్‌రూమ్. మా అమ్మ రెండో అంకంలో హాయిగా నిద్రపోయింది, ఎవరూ ఏమీ అనలేదు.

సోఫా_బ్యాచ్:

ఇంత చర్చ ఎందుకండీ, 2020 డిసెంబరు నుంచి నేషనల్ థియేటర్ వాళ్లదే 'ఎట్ హోమ్' అని ఉంది, నెలకి కాస్త కడితే ఇంట్లో టీవీలోనే బోలెడు నాటకాలు, అక్షరాలు కూడా వేసుకోవచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. పద్దెనిమిది పౌండ్లు ఇద్దరికి ముప్పై ఆరు.

రాత్రి_డ్యూటీ:

@సోఫా_బ్యాచ్ ఉంది, నాకూ ఉంది. పెట్టిన పది నిమిషాలకి కుక్కరు విజిలు, ఇరవై నిమిషాలకి వాట్సాప్, అరగంటకి ఆపేసి 'రేపు చూద్దాం'. ఆ రేపు నాలుగు నాటకాలకి ఇంకా రాలేదు.

నాంపల్లి_నేలటికెట్:

హైదరాబాద్. ఆలస్యంగా చూశా ఈ పోస్టు. మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నాన్నగారి పక్కన కూర్చుని చూడొచ్చా అని.

మీ నాన్నగారు తెనాలి మనిషి, చింతామణి ఎన్నిసార్లు చూసి ఉంటారో ఒకసారి అడగండి! ఈ మిసెస్ వారెన్ కథలో ఆ స్టేజి చిందులేమీ లేవు. ఒక తల్లి. పేదరికంలోంచి ఆ వృత్తిలోకి వెళ్లి, తర్వాత అదే వ్యాపారంగా పెట్టుకుని డబ్బు సంపాదించి, కూతురిని కేంబ్రిడ్జిలో చదివించింది. కూతురికి ఆ డబ్బు ఎక్కడిదో తెలీదు. తెలిసిన రోజున ఏమైంది అన్నదే నాటకం. షా రాసినదాంట్లో కూతురు ఆ మాటల్ని నోటితో అనలేక కాగితం మీద రాసి చూపిస్తుంది, అంత జాగ్రత్త. 1893లో రాశాడు. మన గురజాడ కన్యాశుల్కం విజయనగరంలో మొదట ఆడింది 1892. ఒక ఏడాది తేడా! ఇక్కడ మధురవాణి స్టేజి ఎక్కేసింది, అక్కడేమో లార్డ్ చాంబర్లిన్ అని రాజుగారి కొలువు అధికారి ఒకాయన నాటకాలకి పర్మిషన్ ఇచ్చేవాడు, ఆయన కుదరదన్నాడు. 1902లో క్లబ్బు మెంబర్లకి మాత్రం ఆడారు, లండన్‌లో అందరికీ టికెట్లమ్మి ఆడింది 1925లో. ముప్పై ఏళ్లు దాటిపోయింది. మరీ నవ్వుకోనక్కర్లేదు లెండి, చింతామణిని సుబ్బిశెట్టి పాత్ర మీద అభ్యంతరాలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది 2022లో.

ఇంకోటి, ఈ ఆటలో తల్లిగా చేసింది ఇమెల్డా స్టాంటన్ (హ్యారీ పోటర్‌లో గులాబీ బట్టల టీచరు), కూతురిగా చేసిన బెస్సీ కార్టర్ ఆవిడ సొంత కూతురే. అది నాన్నగారికి ముందే చెప్పండి, చూసే పద్ధతి మారిపోతుంది.

అసలు ముందే చెప్పాల్సింది ఆ ఒక్కటే కాదు, కథ మొత్తం. ఆఖరి సీను దాకా చెప్పేయండి. ఇంగ్లీషు వాళ్లు దీన్ని నేరం కింద చూస్తారు, కథ ముందే చెప్పేశావని కొట్టేస్తారు. కానీ హరిశ్చంద్ర చూడ్డానికి వెళ్లేవాడెవడికి చివర్లో ఏమవుతుందో తెలీదు చెప్పండి? కాటిసీను ఈయన ఎలా చేస్తాడు, ఆ పద్యం ఎక్కడ ఆపుతాడు అని చూడ్డానికేగా తెల్లవార్లూ కూర్చునేది. మీ నాన్నగారు నాటకం చూడ్డం నేర్చుకున్నదే అలాగ. కథ చెప్పేస్తే మాటలు పోయినా మనిషిని చూస్తారు.

నేను ముంబైలో పనిచేసిన మూడేళ్లూ నారిమన్ పాయింట్‌లో ఎన్.సి.పి.ఎ. అనే కళాకేంద్రంలో ఇవి చూశా, లండన్ నాటకాలూ మెట్ ఒపెరాలూ రెండూ వేస్తారక్కడ. చూసిన ప్రతిసారీ ఒకటే కడుపుమంట. మన సురభి వాళ్ల మాయాబజార్‌ని ఇలా పది కెమెరాలతో తీసి ఊరూరా హాళ్లలో ఎందుకు వేయరు? 1885 నుంచి ఆడుతున్న కుటుంబాలు. తమాషా ఏంటంటే మన మొదటి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద, 1932లో వచ్చింది, సురభి వాళ్లు ఆడే నాటకాన్నే సురభి నటులతో తీసింది, లీలావతి సురభి కమలాబాయి. అంటే మన టాకీ మొదలైందే స్టేజి మాటతో. తొంభై ఏళ్ల తర్వాత మనం లండన్ వాళ్లని చూసి ఆశ్చర్యపోతున్నాం.

పరిషత్తు_పిచ్చోడు:

సురభిని క్లోజప్‌లో చూపిస్తే బాణానికి కట్టిన తీగ కనపడుతుంది మాస్టారూ. ఆ బాణాలు గాల్లో కొట్టుకుని నిప్పులు రాలడం, నారదుడు మబ్బుల్లోంచి దిగడం, ఇవన్నీ ఇరవై అడుగుల దూరం నుంచి చూడ్డానికి కట్టినవి. తీగ కనపడకుండా తీసే కెమెరావాడు దొరికితే మొదటి టికెట్టు నేనే కొంటా.

కథ ముందే చెప్పమన్న సలహా మాత్రం భేషుగ్గా ఉంది. నాకు తట్టలేదు.

తెనాలి_టు_యార్క్‌షైర్:

వెళ్లొచ్చాం! చెప్పినవాళ్లందరికీ థాంక్స్, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. అక్షరాలు పడే షో మా హాల్లో లేదన్నారు. శనివారం రాత్రి అన్నాలయ్యాక కథ మొత్తం చెప్పా, మొదట ఇబ్బంది పడుతూనే మొదలుపెట్టా, ఆ వృత్తి మాట దగ్గర నేను నసుగుతుంటే నాన్నే 'ఏరా, చింతామణి లాంటిదేనా' అన్నారు. ఇక నాకు భయం పోయింది. అమ్మ రానంది.

హాల్లో లెక్కపెట్టా, మాతో కలిపి పద్నాలుగు మంది, నాన్నే కుర్రాడేమో అనిపించింది ఒక్క క్షణం. ఎవరూ పాప్‌కార్న్ కొనలేదు, ఒకావిడ అల్లిక తెచ్చుకుంది. మొదట్లో నాన్న నాకేసి వంగి హార్మోనియం ఎక్కడ పెట్టారని అడిగారు, జోకు కాదు, నిజంగానే వెతికారు. తర్వాత ఓ పావుగంట కునుకు తీశారు, మధ్యాహ్నం పప్పు మామిడికాయ నా తప్పు.

తల్లీ కూతుళ్లు మొదటిసారి ఎదురెదురుగా తేల్చుకునే సీను వచ్చింది. అప్పటిదాకా నాజూగ్గా మాట్లాడుతున్న తల్లికి కోపం పట్టలేక గొంతు మారిపోతుంది. నేను కథ చెప్పేటప్పుడు ఈ ముక్క చెప్పలేదు, నాకూ తెలీదు. నాన్న నిటారుగా కూర్చుని నా చెయ్యి నొక్కి, 'ఇప్పుడు వాళ్ల ఊరి భాషలోకి దిగింది చూశావా' అన్నారు. యాస పట్టుకోలేరని నేను భయపడిన మనిషి. ఇంటికొచ్చి వెతికితే షా కూడా సరిగ్గా అక్కడే రాశాడట, ఆవిడ తన అసలు యాసలోకి వచ్చేస్తుందని. పదిహేనేళ్లుగా ఇక్కడుంటున్న నేను గమనించలేదు.

అయిపోయాక తెర మీద లండన్ జనం చప్పట్లు కొడుతున్నారు, మా హాల్లో ఎవరూ కొట్టలేదు, లేచి కోట్లు వేసుకుంటున్నారు. నాన్నకి అది నచ్చలేదు. కొట్టాలా వద్దా అన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, చివరికి కొట్టలేదు. బయటికొచ్చాక అడిగితే, 'బాగానే చేసింది రా. కానీ ఆవిడ ఎంతసేపూ ఆ లండన్ వాళ్లకే చెప్పింది, మనకి చెప్పలేదు' అన్నారు. పరిషత్తు గారూ, మీరు గెలిచారో ఓడారో నాకు తెలీదు.

ఇంటికెళ్లే దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. ఆ తల్లిది ఒక మైకు కూడా కనపడలేదేం, మా రోజుల్లో పైనుంచి వేలాడే మైకు కిందకి నడిచొచ్చి పద్యం అందుకోవాలి, యుద్ధం మధ్యలో అయినా సరే, అని నవ్వారు. వచ్చే శనివారం ఒపెరా ఉందేమో చూడమన్నారు, బాబాయ్ గారు చెప్పిన చెమటలు కక్కే ఇంటర్వ్యూ చూడాలట. అమ్మ కూడా ఇప్పుడు వస్తానంటోంది, కానీ ఆవిడకి మాటలు, పాటలు వద్దట, డాన్స్ ఉంటే చెప్పమంది. డిసెంబరులో రాయల్ బాలే వాళ్ల 'నట్‌క్రాకర్' హాళ్లలో వేస్తారని తెలిసింది, కూచిపూడి చూసే ఆవిడకి నచ్చుతుందా, చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

రాత్రి_డ్యూటీ:

నచ్చుతుంది, కళ్లు మూసుకుని బుక్ చేయండి. కానీ హాలంతా చిన్నపిల్లలుంటారు, ఆ పాప్‌కార్న్ లేని ప్రశాంతత మాత్రం ఆశించకండి. వెనక వరస మధ్యలో తీసుకోండి, ముందు కూర్చుంటే స్టేజి మొత్తం చూపించినప్పుడు కాళ్లు ఒకచోట, చేతులు ఒకచోట చూడాలి.

పరిషత్తు_పిచ్చోడు:

ఆయన చెప్పిన మాట రాత్రి మావాళ్లకి చదివి వినిపించా, రిహార్సల్ ఆగిపోయి గంట గొడవ. గెలుపోటముల సంగతి వదిలేయండి. నాకు కావాల్సింది వేరే. నాన్నగారు అర్జునుడు వేసినప్పుడు హార్మోనియం ఎవరు వాయించేవారో, ఏ సంవత్సరాల్లోనో కాస్త అడిగి చెప్పగలరా? మా మేనమామ అప్పట్లో తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో వాయించేవాడు. పేర్లు ఇక్కడ వద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.